సన్నీబ్యాంక్ ఒడంబడిక

మా వెస్ట్‌మీడ్ ఫ్లాట్లలో బట్టలు ఉతుక్కోవడానికి ఒక్కో ఇంటికి ఒక్కో రోజు కేటాయించారు. మాకు మంగళవారం వచ్చింది. సిడ్నీ వానకి ఒక పద్ధతీ పాడూ లేదంటారు గానీ, మేమక్కడున్న నాలుగేళ్ళూ అది మంగళవారాన్ని మాత్రం మర్చిపోలేదు. బుధవారం పొద్దున్నే ఎండ కాసేది. కానీ బుధవారం పై అంతస్తు గ్రీకు పెద్దావిడది. పెరట్లో గొడుగులా తిరిగే ఆ బట్టల తీగ మీద మా తువ్వాలు ఒక్కటి కనబడినా, దాన్ని చక్కగా మడత పెట్టి మా గుమ్మంలో ఉంచి వెళ్ళేది. అంత మర్యాదగా తిట్లు తినడం నాకు అదే మొదలు. రోజు మార్చమని మేనేజరుకి ఉత్తరం రాశాను. వాన తన పరిధిలోకి రాదని జవాబిచ్చాడు.

అందుకని తడిబట్టలు ఇంట్లోనే ఆరేవి. తలుపులు, కుర్చీల వీపులు అయిపోయాక మిగిలింది నా రాతబల్ల. దాని మీద పదహారో శతాబ్దపు జర్మనీ ఉండేది.

ఇది కొంచెం వివరించాలి. గుంటూరులో నేను కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. మా ఆవిడకి ఇక్కడి పెద్దాసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది; ఆమె తెచ్చుకున్న సామానులో నేనూ ఒకణ్ణి. కొన్నాళ్ళు ఖాళీగా ఉండి, యూనివర్సిటీలో ఎం.ఏ. థీసిస్‌కి చేరాను. మధ్యాహ్నాలు అక్కడి లైబ్రరీలోనే పని. గుంటూరులో పిల్లల్ని చదవమని బతిమాలిన పుస్తకాలే, ఇక్కడ చదివి పడేసినవి ఏరి అరల్లో పెట్టేవాణ్ణి. వృత్తి ఒకటే అని సర్ది చెప్పుకున్నాను.

థీసిస్‌కి జర్మనీ ఎందుకు పట్టుకున్నావని అందరూ అడిగేవారు. మేము లూథరన్లం. మూడు తరాల క్రితం మిషన్ దొరలు మా తాతగారికి అక్షరాలూ బాప్తిస్మమూ ఒకే వేసవిలో ఇచ్చారు. మా ఇంట్లో జర్మనీ అంటే దూరపు చుట్టాల ఊరు లాంటిది. ఎవరూ వెళ్ళలేదు, అందరికీ అభిప్రాయాలు మాత్రం ఉన్నాయి. క్రైస్తవ సంఘం రెండుగా చీలిన ఆ రోజుల్లో అక్కడి రాజులూ డ్యూకులూ పిల్లల పెళ్ళిళ్ళు ఎలా కుదుర్చుకున్నారు, ఒక మతశాఖ పిల్ల ఇంకో శాఖ ఇంటికి వెళ్ళేటప్పుడు ఒప్పందాల్లో ఏం రాసుకున్నారు అన్నది నా విషయం. మొదటి అధ్యాయం మా గైడుకి ఇచ్చాను. ఆవిడ చెప్పులు వేసుకుని క్లాసుకి వచ్చే రకం మనిషి, మొహమాటం లేదు. చదివి, "డ్యూకులు బాగున్నారు. ఆడపిల్లలేరీ?" అంది.

వెళ్ళి వెతికాను. ఉన్నారు, కానీ ఎవరో తీసిన ఫోటోలో అంచున సగం పడ్డ మనుషుల్లా ఉన్నారు. క్లేవ్స్ డ్యూకుకి ముగ్గురు కూతుళ్ళు. పెద్దమ్మాయిని శాక్సనీకి ఇచ్చారు. ఇంగ్లండు రాజు మళ్ళీ పెళ్ళికి చూస్తున్నాడంటే, మిగతా ఇద్దర్నీ చిత్రకారుడి ముందు కూర్చోబెట్టి బొమ్మలు గీయించారు. రెండో అమ్మాయిని ఎంచుకున్నాడు; ఆ పెళ్ళి ఆరు నెలలుంది, ఆ ఆరు నెలల మీద పుస్తకాలు అరలకొద్దీ ఉన్నాయని అవి సర్దేవాడిగా చెప్పగలను. మూడో అమ్మాయి ఎవరికీ నచ్చలేదు, లేదా ఎవరూ మళ్ళీ అడగలేదు. పెళ్ళి లేకుండా అన్న కొలువులో ఉండిపోయింది. అన్నగారు పాత మతం వైపు ఒరిగితే, ఆవిడ కొత్త మతం పట్టుకుని కదల్లేదు. ఆవిడకి నా దగ్గర పేజీన్నర దొరికింది.

ఇంకొకావిడ బ్రాండెన్‌బర్గ్ ఏలిక భార్య, డెన్మార్క్ నుంచి వచ్చిన పిల్ల. భర్త ఊళ్ళో లేనప్పుడు, ఆయన నిషేధించిన పద్ధతిలో ప్రభురాత్రి భోజనం తీసుకుంది, రొట్టె ఒక్కటే కాదు, ద్రాక్షారసం కూడా. ఆయనకి తెలిసింది. గదిలో పెట్టి గోడ కట్టేస్తాడన్న భయంతో ఆవిడ సరిహద్దు దాటి పారిపోయింది, రైతుబండిలో అంటారు కొందరు. తిరిగి రావడానికి ఆవిడ పెట్టిన షరతుల్లో ముఖ్యమైనది, తన బోధకుణ్ణి తను పెట్టుకోనివ్వాలని. భర్త బతికుండగా రాలేదు.

ఇవన్నీ టైపు చేసింది మా మరదలు. మా ఆవిడ చెల్లెలు. అక్క వచ్చిన రెండేళ్ళకి తనూ వచ్చి అదే ఆసుపత్రి రక్తపరీక్షల ల్యాబులో చేరింది, మా రెండో గదిలో ఉండేది. ఇరవయ్యేడేళ్ళు. నా దస్తూరీ చదవగలిగిన ఇద్దరు ప్రాణుల్లో ఒకతె; రెండోవాణ్ణి నేను, అదీ రాసిన వారం రోజుల్లోపల అయితేనే. సాయంత్రాలు ఆరేసిన చీరల మధ్య ఎలక్ట్రిక్ టైప్‌రైటర్ పెట్టుకుని కొడుతూ నన్ను ఆడిపోసుకునేది.

"బావా, ఈవిడకి పేరుందా, 'ఆయన భార్య' అనే కొట్టనా?"

"ఉంది. తర్వాత పేజీలో వస్తుంది."

"తర్వాత పేజీలో 'ఇతని తల్లి' అని వచ్చింది."

"దాని తర్వాత పేజీలో."

"పోనీలే, ఆవిడ పోయాకన్నా పేరు రాశావు. ఒకటి చెప్పు. వీళ్ళు కాగితాల మీద ఇంత గీకారు కదా, ఈ పిల్లలు ఏమన్నారో ఎక్కడా లేదేం?"

"వాళ్ళని అడిగినట్టు ఆధారాలు లేవు" అన్నాను. పండితుడిలా అన్నానని ఇప్పుడు గుర్తొస్తే కొంచెం ఇబ్బందిగా ఉంటుంది.

ఆ ఏడే ఆమెకి సంబంధం వచ్చింది. బ్రిస్బేన్ దగ్గర సన్నీబ్యాంక్. అబ్బాయి సివిల్ ఇంజనీరు, రోడ్లు వేయించే ఉద్యోగం. వాళ్ళది ఒంగోలు వైపు, అతనికి పదేళ్ళప్పుడే వచ్చేశారు. తండ్రి క్వీన్స్‌లాండ్ పల్లెల్లో బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. ఒక పెళ్ళిలో ఈ ఇద్దరూ చూసుకున్నారు. ఆ తర్వాత ఆదివారాలు ఫోను చార్జీలు తగ్గే వేళకి మా ఇంట్లో ఫోను మోగేది, మరదలు దాని తీగ సాగినంత మేరా సాగదీసి గదిలోకి లాక్కుపోయి తలుపేసుకునేది. అరగంట తర్వాత నవ్వుతూ వచ్చేది. మా మామగారు గుంటూరు నుంచి ఏరోగ్రామ్ రాశారు. అబ్బాయి మంచివాడే అంటున్నారు, కానీ వాళ్ళు బాప్టిస్టులు, ఆ సంగతి మీరు దగ్గరుండి చూసుకోండి, మీరు చదువుకున్నవారు.

తెలియనివాళ్ళకి ఇది పెద్ద విషయంగా కనబడదు. మా ఇళ్ళలో పసిబిడ్డ నెత్తిన నీళ్ళు చల్లి బాప్తిస్మం ఇస్తారు. వాళ్ళు పెద్దయ్యాక, మనసు కుదిరాక, నిండా ముంచుతారు. చిన్నప్పుడు మేం వాళ్ళని ముంచుడువాళ్ళనేవాళ్ళం, వాళ్ళు మమ్మల్ని చల్లుడువాళ్ళనేవాళ్ళు. సండేస్కూలు క్రికెట్ మ్యాచిల్లో ఈ మాటలకి రాళ్ళు కూడా లేచాయి. ఊళ్ళో హిందువులకి మేమంతా ఒకటే. మాకు మాత్రం కాదు.

పిల్లని చూపించడానికి కాదు, పెద్దవాళ్ళు మాట్లాడుకోవడానికని బ్రిస్బేన్ రమ్మన్నారు. ఏసీ లేని పాత కారులో నేనూ, మా ఆవిడా, మరదలూ రెండు రోజులు ప్రయాణం చేసి వెళ్ళాం. సన్నీబ్యాంక్‌లో విశాలమైన ఇటుకల ఇల్లు, వెనక ఈతకొలను, దాని పక్కనే అబ్బాయి తండ్రి, అంకుల్, వేసిన గోంగూర మడి. ఆదివారం వాళ్ళ గరాజ్‌లోనే తెలుగు ఆరాధన. ఇరవైమంది, ఒక హార్మోనియం. పాటలు ఎంత బాగా పాడారంటే, మా మరదలు మా చర్చిలో ఎన్నడూ లేనంత గట్టిగా గొంతు కలిపింది. నేనది గమనించాను. గమనించి ఊరుకున్నాను.

భోజనాలయ్యాక అబ్బాయి ఆమెని ఐస్‌క్రీమ్‌కని షాపుల వైపు తీసుకెళ్ళాడు. అంకుల్ టీవీలో శబ్దం తగ్గించి క్రికెట్ చూస్తున్నాడు. అబ్బాయి తల్లి, ఆంటీ, కొంగు దోపుకుని నా ఎదురుగా కూర్చుంది. ఆ గరాజ్ ఆరాధనకి సంచాలకురాలూ, కోశాధికారీ, వంటమనిషీ ఆవిడే.

"పిల్ల బంగారం. మాకే పేచీ లేదబ్బాయ్" అంది. "ఒక్కటే. నీళ్ళు."

"నీళ్ళా ఆంటీ?"

"పసిగుడ్డప్పుడు నెత్తిన నాలుగు చుక్కలు చల్లితే అది బాప్తిస్మం ఎట్టా అయిద్ది? సరిగ్గా తడవను కూడా తడవలా."

"తడిసింది ఆంటీ" అంది మా ఆవిడ. "ఏడ్చిందంట కూడా. మా అమ్మ చెప్పేది."

"ఏడిస్తే సరిపోద్దా అమ్మాయ్? వెనక కొలను ఉండనే ఉంది. పాస్టరుగారు రెండు మెట్లు దిగితే చాలు. పది నిమిషాల పని. ఆ తర్వాత అందరికీ అక్కడే బార్బెక్యూ."

నేను చదువుతున్న జర్మనీలో రెండోసారి బాప్తిస్మం పొందితే మరణశిక్ష. ఈ ఒక్క విషయంలో అటు పోప్ పక్షంవాళ్ళూ ఇటు మా లూథరన్లూ ఏకాభిప్రాయానికి వచ్చారు. ఈ సమాచారం ఆంటీకి ఉపయోగపడుతుందనిపించలేదు.

మా ఆవిడ గిన్నెలు కడగడానికి లేచి వంటింట్లోకి వెళ్ళింది. అక్కడే నా జీవితంలో మొదటి దౌత్యం మొదలైంది. నిజం చెప్పాలంటే నాకు ఉత్సాహం వచ్చింది. రెండేళ్ళుగా ఇలాంటి బేరాలే చదువుతున్నాను. అమ్మాయి తన సంఘ సభ్యత్వం ఉంచుకుంటుంది, ఆదివారాలు మాత్రం మీ గరాజ్‌కే వస్తుంది అన్నాను. ఇది చాలా ఒప్పందాల్లో ఉన్న షరతు, పిల్ల తన గదిలో తన మతం, బయట భర్త మతం. ఆంటీ ఒప్పుకోలేదు. మనసు కుదిరినప్పుడు ముణుగుతుంది అన్నాను.

"ఎప్పుడు కుదురుద్ది?"

"అది చెప్పలేం కదా ఆంటీ."

"చెప్పలేకపోతే తేదీ ఎట్టా పెడతాం?"

తర్కంలో లోపం కనిపెట్టాను గానీ, ఎదురుగా ఉన్నది ఆంటీ. శాక్సనీ రాజకుమారి ఒకతెకి నెదర్లాండ్స్ ప్రభువుతో పెళ్ళి మాట్లాడినప్పుడు, పిల్ల మతం జోలికి రానని రాసివ్వమన్నారు పిల్ల తరఫువాళ్ళు. నోటిమాట ఇస్తాను, కాగితం ఇవ్వనన్నాడు పెళ్ళికొడుకు. నోటిమాటతోనే కానిచ్చారు, ఆ పెళ్ళి ఎంత ఘోరంగా ముగిసిందో చరిత్రలో ఉంది. ఆ అధ్యాయానికి నేను రాసుకున్న ముగింపు, ఏదైనా కాగితం మీద ఉండాలి అని. అది ఎవరి కాగితం, సంతకం ఎవరిది అన్న ప్రశ్న నాకు తట్టలేదు. తట్టి ఉంటే థీసిస్ కూడా బాగుపడేది.

అంకుల్ లెటర్‌ప్యాడ్ తెచ్చిచ్చాడు. ఆ మధ్యాహ్నమంతటికీ ఆయన చేసిన పని అదొక్కటే. నా చేత్తోనే రాశాను. పెళ్ళయిన ఆరు నెలల లోపు, ప్రభువు చిత్తమైతే, అమ్మాయి నిమజ్జన బాప్తిస్మం తీసుకుంటుంది. అందాకా ఎవరూ ఒత్తిడి చేయరు. గుంటూరు పెద్దలకి ఈ విషయం ముందుగా తెలియజేయనక్కర్లేదు. కింద 'వధువు తరఫున' అని రాసి సంతకం పెట్టాను. ఆంటీ మడిచి బైబిల్లో పెట్టుకుంది.

ఆరు నెలలంటే చాలా కాలం, కొత్త కోడలు, అత్తగారి మనసు మారుతుంది, లేదా పిల్ల మనసు మారుతుంది, ఏది మారినా గొడవ ఉండదు అనుకున్నాను. పెళ్ళి ఆగకుండా చూడడం నా బాధ్యత, అది చేశాను. తిరుగుదారిలో మా ఆవిడ "నీళ్ళ సంగతి ఏం చేశారు?" అంది.

"సర్దేశాను."

"ఎలా?"

"మాటలతో" అన్నాను. ఇది పూర్తిగా అబద్ధం కాదు. కాగితం మీద ఉన్నవీ మాటలే.

వెనక సీట్లో మరదలు కిటికీ దించుకుని గరాజ్‌లో విన్న పాటేదో కూనిరాగం తీస్తోంది. అప్పుడే చెప్పి ఉండవచ్చు. నేను దారిలో పెట్రోలు ఎక్కడ కొట్టించాలో ఆలోచిస్తున్నాను.

నిశ్చితార్థం ఇంకో రెండు నెలలుందనగా, ఒక ఆదివారం పొద్దున ఫోను మోగింది. మరదలు పరిగెత్తుకెళ్ళి ఎత్తింది. అబ్బాయి కాదు, ఆంటీ. నేను బల్ల దగ్గర ఇడ్లీ తింటున్నాను. ఇటువైపు మాటలే వినబడుతున్నాయి.

"బాగున్నానాంటీ... ఆ... ఏ గౌను?... ఆంటీ, ఏ గౌను?"

ఫోను తీగ వేలికి చుట్టుకుంటున్నది ఆపేసింది.

"బావ రాసిచ్చాడా?"

నా వైపు చూస్తూ వింది. చాలాసేపు.

"ఐదడుగుల రెండంగుళాలు" అంది చివరికి, ల్యాబులో రిపోర్టు చదివినట్టు. ఫోను పెట్టేసి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"బావగారూ" అంది.

అప్పటిదాకా నేను బావని, నువ్వుని. ఇడ్లీ పక్కన పెట్టాను.

"మీరు నా తరఫున సంతకం పెట్టారంట. ఆరు నెలలెందుకు, ఎటూ మీ బావ రాసిచ్చాడు, నిశ్చితార్థానికి వచ్చినప్పుడే కానిచ్చేద్దాం అంటోంది. పాస్టరుగారితో మాట్లాడేసిందంట. నీళ్ళలో దిగడానికి తెల్లగౌను కుట్టిస్తోంది, కొలత అడిగింది."

మా ఆవిడ వంటింట్లోంచి గరిటతో సహా వచ్చింది. "సంతకం పెట్టారా?"

"ఆరు నెలలని రాశాను" అన్నాను. "ప్రభువు చిత్తమైతే అని కూడా రాశాను. ఒత్తిడి చేయకూడదని కూడా ఉంది. చాలా జాగ్రత్తగా రాసిన కాగితం అది. ఆవిడే షరతు తప్పింది."

"నాన్నకి తెలుసా?" అంది మరదలు.

"ముందుగా తెలియజేయనక్కర్లేదని..."

"అది కూడా రాశారా?"

మా ఆవిడ కుర్చీ మీది తడి దుప్పటి తీసి కిందపడేసి కూర్చుంది.

"పోనీ నువ్వు చెప్పవే" అంది చెల్లెలితో. "నీకు మునగడం ఇష్టం లేదా?"

"నాకు తెలీదక్కా. ఆ పాటలు విన్నప్పట్నించీ నాకూ అనిపిస్తూనే ఉంది. అలా నా నోటితో నేను చెప్పి, నా కాళ్ళతో నేను దిగితే ఎట్లా ఉంటుందా అని. నాన్నకి ఎట్లా రాయాలా అని కూడా ఆలోచిస్తున్నాను. అడిగి ఉంటే ఒప్పుకునేదాన్నేమో. ఇప్పుడు దిగితే నేను దిగినట్టు కాదు, బావగారి సంతకం దిగినట్టు."

ఆ వారం నాకు శాక్సనీ అధ్యాయం టైపు చేసిపెట్టింది. అడగలేదు, ఎప్పటిలాగే చేసింది. పదకొండు పేజీలు, ఒక్క తప్పు లేదు. మామూలుగా పేజీకి రెండైనా పడేవి, వాటికోసం ఇద్దరం కీచులాడుకునేవాళ్ళం. ఆ పదకొండు పేజీలూ బల్ల మూల అంచులు కలిపి పెట్టి తన గదిలోకి వెళ్ళిపోయింది.

మా గైడు దగ్గరికి ఆ అధ్యాయం పట్టుకెళ్ళాను. కుటుంబ విషయమని చెప్పకుండా, ఇలాంటి ఒప్పందాల్లో మధ్యవర్తుల గురించి ఆవిడ అభిప్రాయం అడిగాను.

"ఈ సంతకాలు పెట్టే మధ్యవర్తులు ఎలాంటివాళ్ళు? వాళ్ళ గురించి ఏమైనా దొరికిందా?" అంది.

"పెద్దగా చెప్పుకోదగ్గ మనుషులు కారు" అన్నాను.

"అంటే దుర్మార్గులా?"

"అదైనా బాగుండేది. బాగా చదువుకున్నవాళ్ళు."

ఆవిడ నవ్వింది. నేను కొంచెం ఆలస్యంగా నవ్వాను.

ఇంట్లో ఆదివారం ఫోను మోగడం మానలేదు, కానీ తలుపు వెనక మాటలు తగ్గాయి. ఆ సంభాషణల్లో ఏం నడిచిందో నాకు మా ఆవిడ ద్వారా ముక్కలుగా తెలిసేది. నీకు ఏం కావాలో చెప్పమని మరదలు అతన్ని అడుగుతోంది. అమ్మ బాధపడుతుంది అని అతను అంటున్నాడు. అమ్మ సంగతి కాదు, నీ సంగతి అంటే, ఆలోచిస్తానంటున్నాడు. నాకు అతని మీద కోపం రాలేదు. ఆంటీ ఎదురుగా కూర్చున్నవాళ్ళకి కలిగే నీరసం నాకు తెలుసు, నేను ఒక్క మధ్యాహ్నమే కూర్చున్నాను, అతను ముప్ఫయ్యేళ్ళు.

ఇది బాగుచేయాల్సింది నేనే కదా అని, రెండో కాగితం రాయడం మొదలుపెట్టాను. మొదటిదాన్ని రద్దు చేస్తూ, గడువు లేకుండా, రెండువైపులా గౌరవం నిలబడేలా. మూడుసార్లు కొట్టేసి రాశాను. ఇది నాలుగు శతాబ్దాల అనుభవంతో రాసిన కాగితం, దీనికి తిరుగులేదు అనిపించింది. మా ఆవిడ చూసి, "మళ్ళీనా?" అంది. అంతకంటే ఏమీ అనలేదు.

నిశ్చితార్థం రెండు వారాలుందనగా, ఒక శనివారం అబ్బాయి వచ్చాడు. రాత్రంతా కోచ్ బస్సులో కూర్చుని సిడ్నీ సెంట్రల్‌లో దిగి, అక్కణ్ణించి రైల్లో వెస్ట్‌మీడ్ వచ్చాడు. సాయంత్రం ఆరింటి కోచ్‌కే తిరుగు ప్రయాణం. తడి న్యూస్‌పేపర్‌లో చుట్టిన గోంగూర కట్ట అంకుల్ పంపింది, మా ఆవిడ చేతికిచ్చాడు. ఇంకొక ప్లాస్టిక్ సంచి ఉంది. దాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు, కుర్చీ పక్కన నేలమీద పెట్టుకున్నాడు. దాని నోట్లోంచి తెల్లగుడ్డ అంచు కనబడుతోంది.

భోజనం బాగానే జరిగింది. అతను కూర బాగుందన్నాడు. రోడ్ల గురించి అడిగాను, చెప్పాడు. క్వీన్స్‌లాండ్ మట్టి వానకి ఎలా ఉబ్బుతుందో చాలా ఓపిగ్గా వివరించాడు. మంచివాడు. ఇందులో నాకు అప్పుడూ సందేహం లేదు, ఇప్పుడూ లేదు. మరదలు పులుసు గిన్నె అతని వైపు జరిపింది. అతను వేసుకునేలోపు ఇంకో గరిటె తనే వేసింది. అది చూసి, ఇంకా ఆశ ఉంది అనుకున్నాను. ఆ ఆశతోనే జేబులోంచి నా రెండో కాగితం తీశాను.

"బాబూ, నేనొకటి రాశాను. మీ అమ్మగారికి కూడా కష్టం కలగకుండా..."

"బావగారూ" అంది మరదలు. "మీరింక ఏమీ రాయకండి."

కాగితం మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. మా ఆవిడ నా కంచంలో అడక్కుండానే మజ్జిగ పోసింది. నోరు కట్టేయడానికి మా ఇంట్లో ఉన్న పద్ధతి అది.

మరదలు చెయ్యి కడుక్కొచ్చి కూర్చుని అతని వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు. "నిన్ను అడిగి నెల దాటింది. ఇప్పుడు మా అక్కా బావా ముందే అడుగుతున్నాను. నేను ఎప్పుడు దిగాలో, అసలు దిగాలో లేదో, నేను తేల్చుకుని చెప్తాను. ఎప్పుడో నాకే తెలీదు. నీకిది ఇష్టమేనా?"

అతను కింద ఉన్న సంచి వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు. ఆమెని చూసినప్పుడు అతని మొహంలో ఉన్నది ఇష్టమే, దానికి నేను సాక్ష్యం చెప్పగలను.

"నాకు ఏదైనా ఓకే" అన్నాడు. "నిజంగా. నువ్వెలా అంటే అలా. అమ్మ ఎలా అంటే అలా. ఐ డోంట్ మైండ్. మీరిద్దరూ మాట్లాడుకుని ఒక మాటనుకుంటే..."

కింద పెరట్లో ఎవరో బట్టల తీగ తిప్పుతున్నారు, కిర్రుమంటోంది. మా ఆవిడ మజ్జిగ గిన్నె బల్ల మీద పెట్టేసింది.

"మీ అమ్మతో నేను మాట్లాడను, నువ్వే మాట్లాడాలి" అంది మరదలు. "ఫోను అక్కడుంది. చేసే ధైర్యముంటే ఇప్పుడు చెయ్యి, లేకపోతే ఆ సంచి తీసుకుని ఆరింటి కోచ్‌కి వెళ్ళు."